సెకండ్ హ్యాండ్ కారు ప్రాజెక్టు డైరీ: ముందు బేబీ సీటు, తర్వాతే బండి

మోడల్ పేర్లు పక్కన పెట్టాం

కారు మార్చాలి అనగానే అందరూ అడిగేది ఒకటే, "ఏ కారు తీసుకుంటున్నారు?" అని. మేం మాత్రం ఆ ప్రశ్నని చివరికి తోసేశాం. ఇంట్లో ఇద్దరు పిల్లలు. చిన్నవాడిది ఇంకా వెనక్కి తిరిగి ఉండే సీట్లో కూర్చునే వయసు, పెద్దదానికి ముందుకు తిరిగే సీటు, అప్పుడప్పుడు వాళ్లిద్దరి మధ్యలో మా అమ్మ కూడా కూర్చోవాలి. ఇప్పుడున్న చిన్న కారులో బేబీ సీటు బిగిస్తే ముందు కూర్చున్నవాళ్ల మోకాళ్లు డాష్‌బోర్డుకి తగులుతున్నాయి, స్ట్రోలర్ పెడితే డిక్కీలో ఇంకో సంచికి చోటు లేదు. కొత్తది కొనే డబ్బు లేదు. ఉన్నా కొంటానా అంటే అనుమానమే, ఎందుకంటే కొత్త కారు ధర ఎక్కువగా పడిపోయేది మొదటి కొన్నేళ్లలోనే, ఆ నష్టమేదో ఇంకొకళ్లు భరించేశాక తీసుకుంటే మనకి నయం.

అందుకని కాగితం మీద బండ్ల పేర్లకి బదులు బండి చేయాల్సిన పనులు రాసుకున్నాం: రెండు చైల్డ్ సీట్లు, మధ్యలో ఒక పెద్ద మనిషి, మడిచిన స్ట్రోలర్, దాని పక్కన వారానికి సరిపడా సామాను. రోజూ తిరిగేది ఊళ్లోనే, దూర ప్రయాణాలు తక్కువ. ఈ చివరి వాక్యం చిన్నదే గానీ దీనివల్లే చాలా బండ్లు లిస్టులోంచి పోయాయి, కింద రాస్తాను.

ఇంకో మాట మొదట్లోనే రాసి పెట్టుకున్నాను. ఒకే మోడల్‌లో బాగా చూసుకున్న బండికీ, టైముకి ఆయిల్ కూడా మార్చని బండికీ మధ్య ఉండే తేడా రెండు కంపెనీల మధ్య తేడా కన్నా ఎక్కువ. కాబట్టి ఫలానా కంపెనీ గట్టిది, ఫలానాది డొల్ల అనే వాదనల్లోకి దిగలేదు.

టేపు పట్టుకుని కొలతలు

ఇది బోరు కొట్టే పనిలా కనిపిస్తుంది గానీ మొత్తం ప్రాజెక్టులో అన్నిటికన్నా లాభం దీనివల్లే వచ్చింది.

ఐసోఫిక్స్ అనేది చైల్డ్ సీటుని కారుకి బిగించే పద్ధతికి 1999లో వచ్చిన అంతర్జాతీయ ప్రమాణం, ఐఎస్‌ఓ 13216. సీటు వీపు భాగానికీ కూర్చునే భాగానికీ మధ్య సందులో రెండు ఇనుప కొక్కేలు ఉంటాయి, చైల్డ్ సీటు వాటికి టక్కున తగులుకుంటుంది. చాలా కార్లలో ఇవి వెనక అటూ ఇటూ ఉన్న రెండు సీట్లకే ఉంటాయి, మధ్య సీటుకి ఉండవు. కొన్ని పాత బండ్లలో కొక్కేలు ఉన్నా సీటు గుడ్డ లోపలికి కూరుకుపోయి చెయ్యి పట్టదు. కాబట్టి "ఐసోఫిక్స్ ఉంది" అనే ప్రకటనని నమ్మకుండా వేలు పెట్టి తడిమి చూడాలి. వాటితోపాటు ఇంకో ఆధారం కూడా కావాలి, అంటే సీటు పైభాగం ముందుకి ఊగకుండా వెనకాల కట్టే టాప్ టెదర్, లేదా కింద నేలకి ఆనే కాలు. కాలు ఉన్న సీటు కొనేవాళ్లు వెనక సీటు ముందున్న నేలని కూడా చూసుకోవాలి. కొన్ని కార్లలో అక్కడ మూత ఉన్న చిన్న అర ఉంటుంది, ఆ బోలు మూత మీద కాలు ఆనిస్తే గుద్దుకున్నప్పుడు అది లోపలికి దిగిపోతుంది. కారు మాన్యువల్‌లో దీని గురించి విడిగా రాసి ఉంటుంది.

వెడల్పు లెక్క ఇలా వేశాం. చైల్డ్ సీట్ల మీద ఆర్129 అనే కొత్త నియమావళి, ఐ-సైజ్ అంటారే అది, 2013లో అమల్లోకి వచ్చింది. ఆ కొలతల్లో చేసిన సీటు వెడల్పు 44 సెంటీమీటర్లు దాటదు. రెండు సీట్లకి 88. మధ్యలో మనిషి కూర్చోవాలంటే ఇంకో 40 అయినా కావాలి. అంటే కూర్చునే చోట 130 సెంటీమీటర్ల దగ్గర ఉంటేనే కుదురుతుంది, చాలా చిన్న కార్లు ఇక్కడే తప్పుకున్నాయి. భుజాల దగ్గర కొలిచి సంబరపడకూడదు, నడుము దగ్గర తలుపు లోపలి ప్లాస్టిక్కే కొంత చోటు తినేస్తుంది. ఈ నియమావళిలోనే ఇంకో అంకె కూడా ఉంది: ఐసోఫిక్స్‌తో బిగించే సీటు బరువు, బిడ్డ బరువు కలిపి 33 కిలోలు మించకూడదు. బిడ్డకి 15 నెలలు నిండేదాకా వెనక్కి తిరిగి ఉండే సీటే వాడాలని కూడా అందులోనే ఉంది, ఆ తర్వాత కూడా సీటు పరిమితి ఉన్నంతవరకు అలాగే ఉంచితే మంచిది. మెడ ఇంకా గట్టిపడని వయసు కదా.

వెనక్కి తిరిగే సీటుకి పొడవు ఎక్కువ కావాలి, అది ముందు సీటుని తినేస్తుంది. అందుకే ఏ బండి చూసినా ముందు నా డ్రైవింగ్ సీటు సరిచేసుకుని, ఆ తర్వాతే దాని వెనక బేబీ సీటు పెట్టి చూడాలని నియమం పెట్టుకున్నాం.

డిక్కీ విషయానికొస్తే లీటర్ల అంకె మీద నాకు పెద్ద గౌరవం లేదు. డిక్కీ ఎంత లోతున్నా నోరు ఇరుకైతే స్ట్రోలర్ దూరదు, అంచు ఎత్తుగా ఉంటే ప్రతిసారీ నడుము మీద పడుతుంది. అయినా పోల్చడానికి ఒక ఆనవాలు కావాలి కాబట్టి రాస్తున్నాను, మూడో తరం స్కోడా ఆక్టేవియా డిక్కీ 590 లీటర్లు, ఆ తరగతి కార్లలో అది బాగా పెద్దది. హోండా జాజ్ ఇంకో దారి పట్టింది. పెట్రోల్ ట్యాంకుని ముందు సీట్ల కిందికి తెచ్చి, వెనక సీటు కూర్చునే భాగాన్ని పైకి మడిచేలా చేశారు, చిన్న బండే గానీ నిలువుగా ఉన్న సామాను నేల మీద నిలబెట్టేయొచ్చు. తెలివైన పని. మధ్యలో అమ్మ పట్టదు గానీ.

డబ్బు లెక్క

మా దగ్గర ఉన్న మొత్తంలో పది నుంచి పదిహేను శాతం ముందే పక్కన పెట్టేశాం, అది బండి ధరలోకి రాదు. ఎంత మంచి బండి కొన్నా మొదటి నెలల్లో టైర్లో, బ్రేకులో, బ్యాటరీయో ఏదో ఒకటి అడుగుతుంది. ఇన్సూరెన్సు, పేరు మార్పిడి ఖర్చులు కూడా అసలు ధరకి కలిపే చూశాం. టైర్ల సైజు చూసుకోవడం కూడా ఇక్కడే అలవాటైంది. ఒకే మోడల్‌లో కింది వేరియంట్‌కి 15 అంగుళాల చక్రాలు, పై వేరియంట్‌కి 17 ఉంటాయి. చూడటానికి పెద్ద చక్రం బాగుంటుంది, మార్చేటప్పుడు నాలుగు టైర్లకి అయ్యే తేడా చూస్తే ఆ అందం మీద మోజు తగ్గుతుంది. పైగా గుంతల్లో చిన్న చక్రం, మందమైన టైరే మెత్తగా ఉంటుంది.

డీజిల్ వద్దనుకున్నాం. కొత్త తరం డీజిల్ కార్ల పొగగొట్టంలో డీపీఎఫ్ అనే ఫిల్టర్ మసిని పట్టి ఉంచుతుంది. ఆ మసి కాలిపోవాలంటే బండి కాస్త వేగంగా, కాసేపు ఆగకుండా నడవాలి. బడికీ, అంగడికీ చిన్న చిన్న దూరాలు తిప్పితే అది కాలదు, పేరుకుంటుంది, ఒకరోజు లైటు వెలుగుతుంది. దూరాలు తిరిగేవాళ్లకి డీజిల్ బాగానే ఉంటుంది, మాకు కాదు.

తెల్ల ఎస్‌యూవీ

చూడటానికి వెళ్లేటప్పుడు ఒక సంచి సర్దుకున్నాం: టార్చి, టేపు, కారు కంప్యూటర్‌లో నమోదైన లోపాల్ని కోడ్‌లుగా చదివే ఓబీడీ స్కానర్, పెయింట్ మందం కొలిచే మీటర్, చేతులు తుడుచుకునే గుడ్డ. దాంతోపాటు బేబీ సీటూ, స్ట్రోలరూ. వాటిని చూసి అమ్మేవాళ్లు నవ్వుతారు, నవ్వనివ్వండి.

బయటికి భారీగా ఉన్న ఈ ఎస్‌యూవీ వెనక సీటు, మా లిస్టులో ఉన్న మామూలు సెడాన్ కన్నా ఇరుగ్గా ఉంది. చక్రాల గూళ్లు లోపలికి వచ్చి డిక్కీ నేల సన్నబడిపోయింది. స్ట్రోలర్ నిలువుగా పెడితే మూత పడలేదు, అడ్డంగా పెడితే ఇంకేం పట్టలేదు. పిల్లవాణ్ని ఎత్తుకుని ఆ ఎత్తు సీట్లో కూర్చోబెట్టడం మాత్రం నడుముకి హాయి, అది ఒప్పుకోవాలి. కానీ ఒక్క ఆ సుఖం కోసం అంత ధర పెట్టలేం. ఇంజన్ ఆన్ చేయకుండానే థాంక్స్ చెప్పి వచ్చేశాం.

ఎర్ర హ్యాచ్‌బ్యాక్

దీన్ని అమ్మేవాడు చెప్పిన మొదటి మాట, "ఒక్క గీత కూడా లేదండీ, మీరే చూసుకోండి." నిజమే, తళతళలాడుతోంది. పెయింట్ మీటర్ తీశాను. ఫ్యాక్టరీ రంగు మందం సాధారణంగా 80 నుంచి 150 మైక్రాన్ల మధ్య ఉంటుంది, మోడల్‌ని బట్టి కొంచెం అటూ ఇటూ. ఈ బండి పైకప్పు 110 చూపించింది, ఎడమ తలుపులు కూడా అంతే, కుడి వెనక తలుపూ దాని వెనక భాగమూ మాత్రం 600 దాటాయి. అంత మందం అంటే ఒక్క రంగుపూత వల్ల వచ్చేది కాదు, కింద పుట్టీ ఉంది. ఈ మీటర్ గురించి ఒక జాగ్రత్త: చవక మీటర్లు ఇనుప రేకు మీదే పనిచేస్తాయి, అల్యూమినియం బానెట్ మీద అంకె రాకపోతే కంగారు పడక్కర్లేదు, ప్లాస్టిక్ బంపర్ మీద ఎలాగూ రాదు.

తలుపుకి దెబ్బ తగలడం పెద్ద నేరమేమీ కాదు, చెప్పి అమ్మితే ధర తగ్గించుకుని కొనొచ్చు. సమస్య ఏంటంటే ఆ దెబ్బ పక్క స్తంభం దాకా వెళ్లిందా అనేది. తలుపు రబ్బరు లాగి చూస్తే ఫ్యాక్టరీ వెల్డింగ్ చుక్కలు ఒకే దూరంలో వరసగా ఉండాలి. ఎడమవైపు అలాగే ఉన్నాయి. కుడివైపు కొన్ని చుక్కలు కనిపించలేదు, తలుపు కబ్జాల బోల్టుల మీద రంగు చిట్లి ఉంది. అదే వైపు మా పిల్లల్లో ఒకళ్లు కూర్చోవాలి.

స్కానర్ ఇంకో కథ చెప్పింది. డాష్‌బోర్డులో ఏ హెచ్చరిక లైటూ లేదు, ఎర్రర్ కోడ్‌లూ లేవు. కానీ స్కానర్‌లో రెడీనెస్ మానిటర్లు అనే పేజీ ఒకటుంటుంది, బండి తనకి తానే చేసుకునే పరీక్షల్లో ఏవి పూర్తయ్యాయో అందులో కనిపిస్తుంది. కోడ్‌లు చెరిపేస్తే ఆ పరీక్షలన్నీ సున్నాకి వచ్చేస్తాయి, మళ్లీ పూర్తవ్వాలంటే బండి కొంత దూరం రకరకాల వేగాల్లో నడవాలి. ఇక్కడ సగం పరీక్షలు పూర్తికాలేదు. చాలా బండ్లలో "కోడ్‌లు చెరిపాక తిరిగిన దూరం" అనే అంకె కూడా కనిపిస్తుంది, దీంట్లో అది 12 కిలోమీటర్లు. అంటే మేం రాబోయే ముందు ఎవరో లైటు ఆర్పారు. బ్యాటరీ విప్పి మార్చినా కొన్ని బండ్లలో ఇలాగే సున్నా అవుతుంది, కాబట్టి దీన్ని బట్టే దొంగ అని ముద్ర వేయలేం. అడిగాను. బ్యాటరీ పాతదేనన్నాడు. ఇంకేముంది.

తక్కువ ధర సెడాన్

ధర చూసి ఆశపడి వెళ్లాం. సీటు బెల్టుని చివరిదాకా లాగితే లోపల దాగి ఉండే భాగం బయటికి వస్తుంది, అక్కడ గోధుమ రంగు గీత. సీటు కింద పట్టాలకి తుప్పు, స్పేర్ చక్రం గుంతలో సన్నటి ఒండ్రు, లోపల గట్టిగా కొట్టిన సెంటు. మునిగిన బండి. ఈ రోజుల్లో సీట్ల కిందా, నేల కిందా వైర్లు, కంట్రోల్ యూనిట్లు ఉంటాయి, వాటి కనెక్టర్లలో మొదలైన తుప్పు నెలల తర్వాత బయటపడుతుంది, ఎయిర్‌బ్యాగ్ వైర్లు కూడా వాటిలోనే ఉంటాయి. ధర ఇంకా సగం చేసినా వద్దు.

భద్రత గురించి చదివిన రాత్రులు

స్టార్ రేటింగుల్ని ఏ సంవత్సరంలో ఇచ్చారో చూడకుండా పోల్చకూడదు. ఫియట్ పుంటోకి 2005లో యూరో ఎన్‌క్యాప్, అంటే కార్లని గుద్దించి భద్రత పరీక్షించే యూరప్ సంస్థ, ఐదు స్టార్లు ఇచ్చింది. అప్పటికీ అమ్ముడవుతున్న అదే తరం బండిని 2017లో అప్పటి నియమాలతో మళ్లీ పరీక్షిస్తే సున్నా వచ్చింది. బండి చెడిపోలేదు, పరీక్ష కఠినమైంది, కొత్త బండ్లలో మామూలైపోయిన రక్షణ దాంట్లో లేదు. కాబట్టి స్టార్లకి బదులు మేం చూసింది వస్తువులు: పక్క నుంచి గుద్దితే వెనక కూర్చున్నవాళ్ల తలలకి అడ్డం పడే కర్టెన్ ఎయిర్‌బ్యాగులు, బండి జారినప్పుడు చక్రాల్ని విడివిడిగా బ్రేక్ చేసి దారిలో పెట్టే ఈఎస్‌సీ. ఇది 2012 మోడళ్ల నుంచి అమెరికాలో, 2014 చివరి నుంచి యూరప్‌లో కొత్త కార్లన్నిటికీ తప్పనిసరి అయింది. మిగతాచోట్ల వేరియంట్‌ని బట్టి ఉండొచ్చు, లేకపోవచ్చు, కాబట్టి తాళం తిప్పగానే జారుతున్న కారు బొమ్మ లైటు వెలిగి ఆరుతుందో లేదో చూడాలి. ఎయిర్‌బ్యాగ్ లైటు కూడా అలాగే, వెలగాలి, ఆరాలి. అసలు వెలగకపోతే ఎవరో బల్బు తీసేశారని అనుమానించాలి.

రీకాల్‌లు, అంటే లోపం బయటపడి తయారీదారు బండ్లని వెనక్కి పిలవడం, కూడా ఇక్కడే. టకాటా అనే కంపెనీ చేసిన ఎయిర్‌బ్యాగుల్లో గాలి నింపే మందు అమ్మోనియం నైట్రేట్. వేడికీ తేమకీ ఏళ్ల తరబడి అది పాడై, పేలినప్పుడు డబ్బా ముక్కలై మనుషుల మీదికి ఎగిరింది. ప్రపంచం మొత్తం మీద దాదాపు 10 కోట్ల ఎయిర్‌బ్యాగులు వెనక్కి పిలిచారు, చాలా కంపెనీల బండ్లలో అవి ఉన్నాయి. పాత బండి కొనేవాళ్లు 17 అక్షరాల విన్ నంబరుతో (బండి గుర్తింపు సంఖ్య) తయారీదారు సైట్‌లో రీకాల్ పెండింగ్‌లో ఉందేమో చూసుకోవాలి, ఉంటే ఆ పని ఉచితంగా చేస్తారు. విన్‌లో ఐ, ఓ, క్యూ అక్షరాలు ఉండవు, ఎవరైనా పంపిన నంబరులో ఓ కనిపిస్తే అది సున్నా అన్నమాట.

బూడిద రంగు స్టేషన్ వ్యాగన్

చివరికి కొన్నది దీన్నే. మోడల్ పేరు రాస్తే అందరూ అదే మోడల్ కోసం వెతకడం మొదలుపెడతారు, కావాలనే రాయట్లేదు. పెట్రోల్ ఇంజన్, మాన్యువల్ గేర్లు, ఒకే ఓనరు, 15 అంగుళాల చక్రాలు.

వచ్చేసరికి ఇంజన్ చల్లగా ఉండాలని ముందే ఫోన్‌లో చెప్పాను, బానెట్ మీద చెయ్యి పెట్టి చూశాను, చల్లగానే ఉంది. స్టార్ట్ చేసినప్పుడు పొగ లేదు. నీలం పొగ వస్తే ఆయిల్ కాలుతున్నట్టు, నల్లది వస్తే పెట్రోల్ ఎక్కువ పోతున్నట్టు, ఇంజన్ వేడెక్కాక కూడా తియ్యటి వాసనతో తెల్లపొగ ఆగకపోతే కూలెంట్ లోపలికి కారుతున్నట్టు. ఆయిల్ మూత కింద మీగడలాంటి తెలుపు లేదు. ఆపి ఉన్నప్పుడు బ్యాటరీ 12.5 వోల్టులు, నడుస్తున్నప్పుడు 14.2, అంటే బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్ బాగానే ఉంది. మీటర్‌లో తిరిగిన దూరానికీ క్లచ్ పెడల్ రబ్బరు అరుగుదలకీ, స్టీరింగ్ తోలు నునుపుకీ పొంతన కుదిరింది. దానికన్నా నన్ను ఒప్పించింది సర్వీసు కాగితాల ఫైలు. ప్రతి బిల్లు మీద తేదీ, కిలోమీటర్లు, ఆ అంకెలు ఎక్కడా వెనక్కి పోలేదు.

బేబీ సీటు నా సీటు వెనక పట్టింది, స్ట్రోలర్ అడ్డంగా పట్టి పక్కన ఇంకా చోటు మిగిలింది. మా ఆవిడ రెండు సీట్ల మధ్యలో కూర్చుని బెల్టు పెట్టుకోవడానికి ప్రయత్నించింది. బకిల్ మీదికి పెద్దదాని సీటు ఒరిగి కొంచెం ఇబ్బంది, కానీ పెట్టుకోగలిగింది. "అరగంట ప్రయాణానికి సరే, అంతకన్నా ఎక్కువైతే అత్తయ్యని ముందు కూర్చోబెట్టి నేను వెనక కూర్చుంటా" అంది. ఆ షరతు రాసుకున్నాం.

అయినా మాకు తెలిసిన మెకానిక్ దగ్గర లిఫ్ట్ మీదికి ఎక్కించకుండా డబ్బు ఇవ్వలేదు. అమ్మే ఆయన ఒప్పుకున్నారు, ఒప్పుకోకపోతే అక్కడితో ఆపేసేవాణ్ని. కింద నుంచి చూసిన మెకానిక్, "సార్, ముందు లోయర్ ఆర్మ్ బుష్‌లు పోయాయి, వెనక డిస్కుల అంచు లేచింది, మిగతాది శుభ్రం. టైమింగ్ బెల్ట్ మార్చిన బిల్లు చూపించమనండి" అన్నాడు. బుష్‌లంటే చక్రాన్ని పట్టి ఉంచే చేతుల కీళ్లలోని రబ్బర్లు. బెల్టు సంగతి ఇంకా ముఖ్యం, ఎందుకంటే పిస్టన్లూ వాల్వులూ ఒకే లయలో కదిలేలా చూసేది ఈ ఇంజన్‌లో చెయిన్ కాదు, బెల్టు. చాలా ఇంజన్లలో ఆ బెల్టు తెగితే పిస్టన్లు వాల్వుల్ని కొట్టి వంచేస్తాయి, ఇంజన్ పోయినట్టే. కిలోమీటర్లు ఎంత తక్కువ తిరిగినా ఏళ్ల లెక్కలో కూడా దానికి గడువు ఉంటుంది. ఫైలంతా వెతికాం, ఆ బిల్లు లేదు.

బేరం దాంతోనే సాగింది. "బండి బాగుందండీ, మేం తీసుకుంటాం, కానీ బెల్టు, వాటర్ పంపు, బుష్‌లు, వెనక డిస్కులు మేమే వేయించుకోవాలి, మెకానిక్ ఇచ్చిన లెక్క ఇదిగో" అని కాగితం చూపించాను. ఆయన మొత్తం తగ్గించలేదు, అందులో మూడొంతులు తగ్గించారు. కల్పించిన అంకెతో బేరమాడటం కన్నా ఇది ఇద్దరికీ తేలిక. లోన్ బాకీ ఏమీ లేదని కాగితం చేతికొచ్చాకే డబ్బు పంపాం.

కొన్నాక చేసిన పనులు

బెల్టుతో పాటు వాటర్ పంపు మార్పించాం, అది విప్పిన చోటే ఉంటుంది కాబట్టి కూలి రెండుసార్లు ఇవ్వక్కర్లేదు. ఇంజన్ ఆయిలు, ఫిల్టర్లు, కూలెంట్ మార్చేశాం. బ్రేక్ ఫ్లూయిడ్ గాల్లో తేమ పీల్చుకుంటుంది, దాంతో మరిగే ఉష్ణోగ్రత పడిపోతుంది, అందుకే దాన్ని చాలామంది తయారీదారులు రెండేళ్లకోసారి మార్చమంటారు. ఫైల్లో దాని ఊసే లేదు, అదీ మార్చేశాం. బుష్‌లు వేశాక స్టీరింగ్ బిగువు వచ్చింది, గుంతల్లో వచ్చే టకటక పోయింది.

సీట్లు బిగించే పని నేనే చేశాను. బిగించాక బెల్టు పోయే చోట పట్టుకుని అటూ ఇటూ లాగితే రెండున్నర సెంటీమీటర్లకన్నా ఎక్కువ కదలకూడదు. చిన్నవాడి సీటు కదల్లేదు. పెద్దదాని సీటు వెనక తల ఆనించే దిండు అడ్డం పడి సీటు వీపుకి ఆనట్లేదు, సీటు మాన్యువల్ చూసి, దాన్ని తీసేశాక సరిపోయింది. తీసిన దిండు డిక్కీలో వదులుగా పడేయకుండా ఇంట్లో పెట్టాం. చిన్నవాణ్ని ముందు సీట్లో కూర్చోబెట్టే ఆలోచన అసలే లేదు, ఎయిర్‌బ్యాగ్ పనిచేస్తున్న సీట్లో వెనక్కి తిరిగిన బేబీ సీటు పెట్టడం ప్రాణాంతకం, సన్‌వైజర్ మీద బొమ్మ వేసి మరీ చెప్తారు.

మిగిలిన పనులు: ముందు టైర్ల మీద అంకె 2318, అంటే 2018లో 23వ వారం తయారీ. గాడి లోతు ఇంకా నాలుగు మిల్లీమీటర్లు ఉంది గానీ పక్కగోడల మీద సన్నటి పగుళ్లు మొదలయ్యాయి, వానలు పడేలోగా ఆ రెండూ మార్చి కొత్తవి వెనక్కి, వెనకవి ముందుకి వేయించాలి. వెనక డిస్కులు ఆర్డర్ పెట్టాం, వచ్చే వారం వస్తాయి. రెండో తాళం ఇంకా చేతికి రాలేదు. కొత్తది చేయించి ప్రోగ్రామింగ్ చేయిస్తే బాగానే ఖర్చు, అమ్మినాయన ఇంట్లో వెతుకుతున్నానన్నారు, ఆదివారం మళ్లీ ఫోన్ చేయాలి.